ఐఎస్ఓ బటన్ మీద ప్లాస్టర్ ముక్క

ఈ మధ్య ఇళ్లలో చేపల తొట్టెలు పెట్టుకోవడం, వాటికి ఫోటోలు తీసి అందరికీ పంపుకోవడం బాగా ఎక్కువైంది. మా వీధిలోనే మూడిళ్లలో ఉన్నాయి. నేను చేపల ఫోటోలు తీసి తీసి రిటైరైన మనిషినని ఎవరు చెప్పారో ఏమో, కొత్తగా కెమెరా కొన్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అడుగుతుంటారు. "సార్, తొట్టెకి ఐఎస్ఓ ఎంత పెట్టాలి? ఒక్క నంబరు చెప్పండి చాలు."

నంబరంట! ఆ మాట వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇద్దరు ముగ్గుర్ని కసిరాను కూడా. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. నేనూ ఒక నంబరు పట్టుకుని వేలాడుతూనే ఉద్యోగమంతా వెళ్లదీశాను. నాది వంద. ఆ వంద వల్ల ఒక మనిషికి పని పోయింది. ఆ మనిషి, అప్పటికి నాతో నాలుగు మాటలు మాట్లాడే ఏకైక మనిషి. కసరడం మానేసి, ఈసారి ఎవరైనా అడిగితే చదువుకోమని ఇచ్చేద్దామని ఇది రాస్తున్నాను.

మాది సముద్రపు ఒడ్డు. చేపల మీద పనిచేసే ఒక సంస్థలో ఫోటోగ్రాఫర్‌గా చేరాను. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా ఒక పెద్ద అధికారితో మాటా మాటా పెరిగింది. అందులో సగం తప్పు నాదే, నా నోరు ఆగదు. వారం తిరక్కుండా కొండమీదికి బదిలీ చేస్తూ కాగితం చేతికొచ్చింది. "చల్లగా ఉంటుంది, హాయిగా ఉండండి" అన్నాడు ఆ కాగితం ఇచ్చిన గుమస్తా. వాడి మొహంలో నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అనంతగిరి దాటాక అరకు రోడ్డు వదిలేసి లోపలికి మళ్లితే, కాఫీ తోటల మధ్య ఉండేది మా కేంద్రం. పొడుగాటి రేకుల షెడ్డు ఒకటి, అందులో పద్దెనిమిది గాజు తొట్టెలు, పక్కన ఆఫీసు గది, వెనక రెండు క్వార్టర్లు. ఒక క్వార్టరు మా ఇన్‌ఛార్జిది. కుర్రవాడు, మంచివాడే. శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి జీపెక్కి కిందికి వెళ్లిపోయేవాడు, సోమవారం తీరిగ్గా వచ్చేవాడు. రెండోది నాది. నా భార్య అంతకు ముందు ఏడే పోయింది. పిల్లలు లేరు. వెళ్లడానికి నాకెక్కడా ఇల్లు లేదు కనుక శని, ఆదివారాలు కూడా అక్కడే పడి ఉండేవాణ్ణి. సాయంత్రం నాలుగున్నరకే మంచు దిగి కిటికీలు తెల్లబడిపోయేవి. ఒక ఆదివారం కుక్కరుతో "ఇంకెంతసేపే" అని పైకే అనేసి, నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. శుక్రవారం తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అదే.

ఆ షెడ్డులో తొట్టెలు చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. దగ్గర్లోని కొండ గూడెం నుంచి నడిచి వచ్చేవాడు, నాకంటే పదేళ్లు చిన్న. ఏడాదికోసారి కొత్తగా కాగితం రాసుకునే కాంట్రాక్టు పని. అక్కడ వాగుని గెడ్డ అంటారు. ఏ గెడ్డలో ఏ రాయి కింద ఏ చేప ఉంటుందో అతనికి తెలుసు. ఆఫీసు వాళ్లిచ్చిన థర్మామీటరు మేకుకి వేలాడుతూ ఉండేది, అతను మాత్రం మణికట్టు నీళ్లలో ముంచి వేడి, చలి చెప్పేవాడు. అన్నిటికంటే నాకు వింతగా అనిపించింది ఇంకొకటి. ఏ తొట్టె దగ్గరికి వెళ్లినా ముందు దాని కింది చెక్క బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు.

"ఎందుకయ్యా అలా తడతావు?" అని అడిగాను.

"తలుపు కొట్టకుండా ఎవులింటికైనా ఎల్తామేటి బాబూ?" అన్నాడు.

పదకొండయ్యేసరికి స్టీలు క్యాను తెరిచి చోడి అంబలి, అదే రాగి జావ, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నా బల్ల మీద పెట్టేవాడు. "తాగు బాబూ, సల్లారిపోద్ది." సోమవారం నుంచి శుక్రవారం దాకా నాకు అదే సావాసం. అతని కూతురు పాడేరులో నర్సు కోర్సు చదవడం, అతని భార్య మిరియం తీగల్ని ఏ చెట్టుకి ఎక్కించిందో, అన్నీ ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పేవాడు. నేను నా భార్య గురించి ఒక్కసారి చెప్పాను. ఆ రోజు నా గ్లాసు ఇంకోసారి నింపాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఐఎస్ఓ అంటే, లోపల పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూసుకోవాలో చెప్పే అంకె. వంద పెడితే బోలెడంత వెలుతురు అడుగుతుంది, బదులుగా ఫోటో నున్నగా ఇస్తుంది. అంకె పెంచుతూ పోతే తక్కువ వెలుతురుతో సరిపెట్టుకుంటుంది గానీ ఫోటో మీద రవ్వ చల్లినట్టు చుక్కలు పడతాయి. గాజు తొట్టె దగ్గర ఎప్పుడూ వెలుతురుకి కరువే. గాజు కొంత మింగేస్తుంది, నీళ్లు కొంత మింగేస్తాయి. చేప చూస్తే ఒక్క క్షణం ఆగదు. అంచేత తొట్టె ముందు కూర్చున్నవాడికి అంకె పెంచడం తప్పదు. ఇది ఈ రోజు పదోతరగతి పిల్లలకి కూడా తెలుసు.

నాకు తెలియక కాదు, ఒప్పుకోక. నేను ఫిల్ము రోజుల మనిషిని. నాకు పని నేర్పిన స్టూడియో మేస్త్రి ప్రింటు మీద భూతద్దం పెట్టి చూసేవాడు. చుక్క కనబడిందా, నా మొహం మీదే చించి పారేసేవాడు. ఆ భయం నా ఎముకల్లోకి దిగిపోయింది. డిజిటల్ కెమెరా చేతికిచ్చిన రోజే ఐఎస్ఓ వందకి పెట్టి, పొరపాటున కూడా వేలు తగలకుండా ఆ బటన్ మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించాను. గాయాలకి అంటించేదే. వెలుతురు చాలకపోతే లైట్లు తెచ్చుకోవాలి గానీ అంకె పెంచుకోవడమేమిటి, అది చేతకానివాళ్ల పని అని అందరితోనూ వాదించేవాణ్ణి. కింద, పెద్ద ల్యాబులో లైట్లకి కొదవ లేదు కనుక నా వాదన చెల్లింది.

కొండమీద మొదటి వారమే అతను ఆ ప్లాస్టర్ చూశాడు. "ఆ బొత్తానికి దెబ్బ తగిలిందేటి బాబూ?" అన్నాడు. "వెలుతురు చాలనివాళ్లు నొక్కే బటన్‌లే, నాకు అక్కర్లేదు" అని నవ్వేశాను.

అక్కడ నా పని కొండ గెడ్డల్లో దొరికే చేపలన్నిటికీ ఫోటోలు తీయడం. వాటిలో ఒకటి మట్టగిడస జాతిదే గానీ చిన్నది, రెక్కల అంచున నారింజ రంగు గీత ఉంటుంది. గుడ్లు పెట్టాక మగచేప వాటిని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలయ్యేదాకా నోట్లోనే దాచుకుంటుంది, అన్ని రోజులూ తిండి తినదు. అతనికి ఆ చేపంటే ప్రాణం. దాన్ని తొట్టెలో పిల్లలు పెట్టించాలని మూడేళ్లుగా తంటాలు పడుతున్నాడు. ఏ రాయి పెట్టాలి, ఎన్ని ఆకులు వేయాలి, నీళ్లు ఎంత లోతుండాలి, అన్నీ సొంతంగా కనిపెట్టుకున్నవే.

ఆ ఏప్రిల్‌లో ఇన్‌ఛార్జి నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "గురువుగారూ, పైనుంచి కబురొచ్చింది. కొండ చేపలెవరికి కావాలి, టూరిస్టులు చూసే రంగు చేపలు పెట్టండి అంటున్నారు. రంగు చేపలకి గెడ్డలు తెలిసిన మనిషి అక్కర్లేదు కదా, ఇతని కాంట్రాక్టు కూడా ఆగిపోతుంది. కొండ చేప ఇక్కడ తొట్టెలో పిల్లలు పెట్టిందని ఒక్క మంచి ఫోటో పంపితే ఈ విభాగం ఉంచుతామన్నారు. గోడకి పెద్దది చేసి పెట్టుకునే ఫోటో. మీదే భారం."

ఇన్‌ఛార్జి తనే అప్పటికి ఆ కొండ చేపని ఫోనుతో ఒకసారి తీసి ఉన్నాడు. పైవాళ్లకి పంపితే, "చేప కనబడలేదు, అద్దంలో నీ బొజ్జ కనబడింది" అని తిట్టారట. తొట్టె ఫోటోలకి ఇదొక పీడ. ఎదురుగా ఉన్నవన్నీ గాజు మీద పడతాయి. అందుకే నేను నా వెనక ఒక పెద్ద నల్లగుడ్డ వేలాడదీసుకుని పని చేసేవాణ్ణి.

సరిగ్గా ఆ వారమే మా తొట్టెల మనిషి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్లాడు. ఎప్పుడూ అలా చేయి పట్టుకున్నవాడు కాదు. తొట్టె బల్ల మీద రెండుసార్లు తట్టి, "దవడ సూడు బాబూ, దవడ సూడు" అని గుసగుసలాడాడు. మగచేప రాయి కింద కదలకుండా ఉంది. దవడ ఉబ్బి ఉంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్ల కష్టం మరి.

అప్పుడు మంచి ఎండాకాలం. షెడ్డు కిటికీల్లోంచి వెలుతురు బాగానే వచ్చేది. నేను కెమెరా స్టాండు మీద పెట్టి కొలిచాను. వంద దగ్గర సెకనులో నాలుగో వంతు పాటు కెమెరా లోపలి తెర తెరిచి ఉంచాలి. చేప ఊపిరి తీసుకుంటేనే మొహం చెదిరిపోయింది. ఇరవై తీశాను, ఇరవైలోనూ అలుక్కుపోయిన మసకే. నాకు పట్టుదల పెరిగింది. నా క్వార్టరులోంచి రెండు పెద్ద హాలోజెన్ లైట్లు తెచ్చి తొట్టెకి చెరో పక్కా నిలబెట్టాను.

అతను నాకు అడ్డంగా వచ్చాడు. "వద్దు బాబూ. రాయి కింద సీకట్లో బతికే జీవం అది. బెదిరిందంటే పిల్లల్ని మింగేత్తాది."

"ఒక్క క్షణమే."

"నా మాటిను బాబూ. ఆ బొత్తం ఏదో ఉందన్నావు కదా, అది తిప్పి సూడరాదేటి?"

అదిగో, అక్కడ నాకు ఒళ్లు మండింది. చేపలు పట్టుకునేవాడు నాకు ఐఎస్ఓ గురించి చెప్పడమా? "నీ పని నువ్వు చూసుకో. ఫోటో సంగతి నాకు తెలుసు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత కటువుగా ఉందో నాకిప్పటికీ వినబడుతుంది. అతను పక్కకి తప్పుకున్నాడు.

లైట్లు వేశాను. చేప ఎగిరి గాజుకి కొట్టుకుంది, మూలకి వెళ్లి మొహం అటు తిప్పి నక్కింది. నేను నొక్కుతూనే ఉన్నాను. ఫోటోలు అద్భుతంగా వస్తున్నాయి, పొలుసు పొలుసూ లెక్కపెట్టొచ్చు. ఇంతలో అది ఇటు తిరిగింది, దాని గొంతు ఒక్కసారి కదిలింది. ఉబ్బిన దవడ చదునైపోయింది. నాకు ఒక నిమిషం దాకా ఏమైందో అర్థం కాలేదు. అతనికి వెంటనే అర్థమైంది. వెళ్లి లైట్ల ప్లగ్గులు పీకి, తొట్టె మీద గోనెసంచి కప్పి బయటికి వెళ్లిపోయాడు.

నా సర్వీసు మొత్తంలో అంత నున్నటి ఫోటో తీయలేదు. దాంట్లో ఉన్నది నోరు ఖాళీ అయిన చేప.

మర్నాడు పదకొండింటికి నా బల్ల మీద గ్లాసు లేదు. షెడ్డు వెనక మెట్టు మీద కూర్చుని అతనొక్కడే తాగాడు. అప్పటిదాకా 'బాబూ' అన్నవాడు ఆ రోజు నుంచి 'సారూ' అన్నాడు. "అయింది సారూ." "ఎల్తాను సారూ." అంతే. మనిషి ఎదురుగా ఉండీ మాట్లాడకపోతే, అసలు మనుషులే లేని ఆదివారం కంటే అది ఎక్కువ కష్టంగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇన్‌ఛార్జి మాత్రం నన్ను ఏమీ అనలేదు, "మళ్లీ పెడుతుందా?" అని అతన్నే అడిగాడు. "వానలు పడనీ, సూద్దాం సారూ" అన్నాడతను.

ఒక శనివారం కూర్చుని ఆ ప్లాస్టర్ పీకేశాను. జిగురు వదల్లేదు. గోరుతో గీకి, కొబ్బరినూనె రాసి తుడిచాను. కిటికీ పక్క తొట్టెలో మామూలు చిన్న చేపలుండేవి. వాటిని రెండొందలకి ఒకటి, నాలుగొందలకి ఒకటి, ఎనిమిదొందలు, పదహారొందలు, అలా ఆరువేల నాలుగొందల దాకా తీసుకుంటూ పోయాను. కంప్యూటర్లో పెట్టి చూస్తే నిజమే, చుక్కలున్నాయి. అయితే ఒకటి గమనించాను. కుర్చీ వెనక్కి జరుపుకుని చూస్తే పదహారొందల దగ్గర చుక్కలు కనబడటం లేదు, చేపే కనబడుతోంది. నేను ఇన్నేళ్లూ మా మేస్త్రి లాగా ముక్కు ఆనించి చూశాను. జనం ఫోటోని అంత దగ్గర్నుంచి చూడరు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు యాభై ఏడో ఏడు రావాల్సి వచ్చింది.

తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ ఏప్రిల్ ఎండలో, ఏ లైటూ లేకుండా, పదహారొందలు పెట్టి ఉంటే సెకనులో అరవయ్యో వంతు దొరికేది. చేప ఊపిరి తీసుకున్నా చెదిరేది కాదు. గోడకి పెట్టుకునే ఫోటో వచ్చేది. వేలితో ఒక్క బటన్ నొక్కితే చాలు. ఆ లెక్క చేసుకున్న సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున అతను తొట్టె గాజు తుడుస్తుంటే వెళ్లి నిలబడ్డాను. "తప్పు చేశాను" అన్నాను. నా జన్మలో ఎవరికీ అంత తిన్నగా చెప్పలేదు, నా భార్యకి కూడా.

అతను గుడ్డ పిండుకుంటూ, "నాకెందుకు సెప్తావు సారూ? దానికి సెప్పు" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. మొహం చూస్తే మామూలుగానే ఉంది. సరే అని వెళ్లి, బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టి ఆ చేప ముందు నిలబడ్డాను. పిచ్చివాడిలా ఉన్నానని నాకే తెలుస్తోంది. అతను వెనకనుంచి ఒక స్టూలు తెచ్చి వేశాడు. "రోజూ కూకో. కెమేరా వద్దు. అది నిన్ను సూసి సూసి అలవాటు పడాల."

రోజూ గంటసేపు కూర్చున్నాను. మొదట్లో నేను వెళ్లగానే రాయి కిందికి దూరేది. నెల తర్వాత నన్ను పట్టించుకోవడం మానేసింది. అప్పుడు కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, తీయకుండా. అతను మాట్లాడేవాడు కాదు గానీ పక్క తొట్టెల పని ఆ గంటలోనే పెట్టుకునేవాడు. అది నాకు చాలా ఊరటగా ఉండేది.

వానలొచ్చాయి. ఆగస్టులో మళ్లీ దవడ ఉబ్బింది. అతను నాకు చెప్పలేదు, రోజూ కూర్చునేవాణ్ణి కనుక నేనే చూశాను. పిల్లలు బయటికొచ్చే రోజు దాకా కెమెరా ముట్టుకోనని చెప్పాను. తల ఊపాడు.

పదో రోజు నుంచి ముసురు పట్టుకుంది. ఘాట్ రోడ్డు మీద కొండ చరియ విరిగిపడి దారి మూసుకుపోయింది, ఇన్‌ఛార్జి కిందే ఉండిపోయాడు. కరెంటు పోయి మూడు రోజులైంది. గాలి పంపులు ఆగిపోయాయి. అతను ఇంటికి వెళ్లకుండా షెడ్డులోనే ఉండి, చెంబుతో నీళ్లు ముంచి ఎత్తుమీంచి పోస్తూ తొట్టె తర్వాత తొట్టెకి గాలి ఆడించాడు. నేనూ ఒక చెంబు పట్టుకున్నాను. ఆ మగచేప తొట్టెకి చలిగాలి కొట్టకుండా నా నల్లగుడ్డ తీసి చుట్టూ కప్పాడు. నాలుగో రోజు పొద్దున ఇన్‌ఛార్జి ఫోను అందింది. మాట తెగుతూ తెగుతూ వచ్చింది. "గురువుగారూ, రేపు ఫైలు పైకి వెళ్లిపోతుంది. ఫోటో ఏదైనా ఉంటే ఇవాళే పంపండి."

పదింటి వేళ అతను గుడ్డ అంచు ఎత్తి చూసి నన్ను చేత్తో పిలిచాడు. "ఇయ్యాలే. నోరు ఆడిత్తన్నాడు సూడు."

షెడ్డులో మునిమాపు వేళలా ఉంది. అతను నల్లగుడ్డ మెల్లగా లాగి కింద పడేశాడు. నేను బల్ల మీద రెండుసార్లు తట్టి కూర్చున్నాను. పదహారొందలు పెట్టాను, చాలదు. మూడువేల రెండొందలు, చాలదు. "కొంచెం వెలుతురు" అన్నాను. అతను నా వెనక పక్కనున్న కిటికీ చెక్క తలుపు జానెడు తెరిచాడు. గాలికి అది కొట్టుకోబోతే చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. జల్లు అతని మీద పడుతోంది. ఆరువేల నాలుగొందలు పెట్టాను. సెకనులో ముప్పయ్యో వంతు. ఇక అంతే, అంకె అంతకు మించి పెంచితే ఫోటో మీద నమ్మకం లేదు.

చేప కొంచెం పైకొచ్చి నోరు తెరిచింది. తోకలున్న ఆవగింజల్లాంటివి ఒకటి, రెండు, తర్వాత గుంపుగా బయటికొచ్చాయి. "రా, రా, బేగి రాండి" అంటున్నాడతను వెనకనుంచి, సొంత పిల్లల్ని పిలిచినట్టు. నేను తొమ్మిది ఫోటోలు తీశాను. మూసిన నోరు మూడు, చెదిరినవి ఐదు. ఒక్కటి నిలిచింది. తండ్రి నోరు తెరిచి ఉంది, పెదవి మీద ఒక పిల్ల, ముందర డజను పిల్లలు. ఫోటో అంతా రవ్వ చల్లినట్టు చుక్కలు. పైమూల ఒక మరక.

సిగ్నలు కోసం వానలో రెండు మలుపులు ఎక్కి వెళ్లి, కెమెరాలోంచి ఫోనులోకి దించి పంపాను. రెండు రోజులకి దారి తెరుచుకుంది, జవాబూ వచ్చింది. ఇన్‌ఛార్జి నాకు చదివి వినిపించలేక ఫోను నా చేతికే ఇచ్చాడు. ఫోటోలో చుక్కలు ఎక్కువగా ఉన్నాయి, గాజు మీద మరక ఉంది, పెద్దది చేయడానికి పనికిరాదు, ఆధారంగా తీసుకోలేం. మా మేస్త్రి బతికుంటే అదే మాట అనేవాడు. ఏప్రిల్ దాకా అయితే నేనూ అదే అనేవాణ్ణి.

పిల్లలు తొట్టెలో ఈదుతున్నాయి, వచ్చి చూడండని ఇన్‌ఛార్జి రెండుసార్లు రాశాడు. ఎవరూ రాలేదు. నెల తిరిగేసరికి గోల్డ్ ఫిష్‌లు ప్లాస్టిక్ సంచుల్లో దిగాయి. కొండ చేపల్ని ఎక్కడ తెచ్చామో అక్కడ వదిలేయమన్నారు. ఆఖరి రోజు మేమిద్దరం రెండు అల్యూమినియం బిందెలు మోసుకుంటూ గెడ్డకి వెళ్లాం. మగచేపని అతను చేతుల్లో నీళ్లతో పాటు తీసి రాయి పక్కన వదిలాడు. నేను ఒడ్డున నిలబడి, "నా వల్లే పోయింది నీ పని. ఆ రోజే నీ మాట విని ఉంటే" అన్నాను.

అతను ఖాళీ బిందె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "నువ్వు తీసినావు బాబూ. ఆలకి సూపు నేదు, మనమేటి సేత్తాం?"

మళ్లీ బాబూ అన్నాడు. క్యాను తెరిచి అంబలి పోశాడు. తాగి, గ్లాసులు గెడ్డలో కడుక్కుని, అటునుంచి అటే గూడెం వైపు ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు గోల్డ్ ఫిష్‌ల మధ్య గడిపాను. వాటి గురించి రాయడానికేమీ లేదు. రిటైరై కిందికొచ్చి ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాను. ఆ ఫోటోని మాత్రం ప్రింటు వేయించి గోడకి మేకు కొట్టి పెట్టుకున్నాను. రోజూ చూసేవాణ్ణి. చూసినప్పుడల్లా చుక్కలూ, ఆ పైమూల మరకా కళ్లకి గుచ్చుకునేవి. కంప్యూటర్లో తుడిచేద్దామని రెండుసార్లు కూర్చుని, బద్ధకించి వదిలేశాను.

ఈ చలికాలంలో ఉన్నట్టుండి బయల్దేరాను. ప్రింటుని తువ్వాలులో చుట్టుకుని, రెండు జీపులు మారి, ఆ గూడెం చేరేసరికి మధ్యాహ్నం అయింది. అతని ఇంటి ముందు గుంజ మీద వేలితో రెండుసార్లు తట్టాను. ఒకావిడ వాకిట్లో మిరియాలు ఆరబోస్తూ తలెత్తింది. నేనెవరో చెప్పాను.

"అయ్యో, సేపల బాబువా! ఆడు నేడు బాబూ. చింతపల్లి పక్క కాఫీ కోతకెల్నాడు. కోతలైపోతే గానీ రాడు. ఆడ ఫోను కూడా అందదు" అంది. అతని భార్య. గ్లాసుతో అంబలి తెచ్చిచ్చింది. రుచి అదే.

ఇంత దూరం వచ్చి మనిషి లేకపోయేసరికి నాకు దుఃఖం లాంటిది వచ్చింది. తువ్వాలు విప్పి ప్రింటు ఆమె చేతికిచ్చాను. "ఇదమ్మా, మేమిద్దరం కష్టపడి తీసిన చేప. నోట్లోంచి పిల్లలొస్తున్నాయి చూడు."

ఆమె చూసింది. "సేప సరే. ఇదిగో, ఈడ మా ఆయనున్నాడు కదా" అని వేలు పెట్టింది.

వేలు పెట్టింది ఆ పైమూల మరక మీద. నేను కళ్లజోడు సరిచేసుకుని దగ్గరగా వంగి చూశాను. చుక్కలే. ఆమె ఫోటోని చేయి చాచి దూరంగా పట్టుకుంది. అప్పుడు కనబడ్డాడు. కిటికీ తలుపు పట్టుకున్న చేయి, తడిసిన జుట్టు, వెలుతురు పడ్డ ఒక చెంప. నోరు తెరిచి నవ్వుతున్నాడు. నల్లగుడ్డ అడ్డం లేని ఆ ఒక్క రోజున గాజు మీద పడ్డాడు. రోజూ గోడ మీద నా ఎదురుగా ఉన్నాడు, నేను మరక అనుకున్నాను.

"ఇలాగ నవ్విన ఫోటో మా ఇంట్లో ఒకటీ నేదు" అంది ఆమె. ఇంకాసేపు చూసింది. "పక్కన ఈ నల్లగా ఉన్నదెవులు?"

మొహం లేదు. భుజాలు, తల, కళ్ల దగ్గర ఎత్తిపట్టుకున్న ఏదో వస్తువు.

"నేనేనమ్మా" అన్నాను.

"ఓలమ్మ, అయితే ఇద్దరూ దిగినారు!" అంది.

ఆఖరి జీపు దొరకదని బేగి వెళ్లమంది. ప్రింటు అక్కడే వదిలేసి వచ్చాను. జీపులో వెనక సీట్లో, మిరియాల బస్తాల మధ్య కూర్చుని అనంతగిరి దాకా ఏడ్చాను. పక్కనున్నాయన ఘాటుకి కళ్లు మండుతున్నాయేమో అనుకుని తన తువ్వాలు ఇచ్చాడు.

మా ఇంటి గోడకి మేకు ఒక్కటే ఉందిప్పుడు. ఫైలు నా దగ్గరే ఉంది, ఇంకో ప్రింటు వేయించుకోవచ్చు. వేయించలేదు. కోతలయ్యి అతను ఇంటికొచ్చాక ఆ ఫోటో చూపించి, ఏమన్నాడో ఫోను చేయిస్తానంది ఆమె. నంబరు రాసిచ్చి వచ్చాను. కోతలు ఈ నెలాఖరుకి అయిపోతాయట. ఫోను పెద్ద సౌండులో పెట్టుకుని, ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి పట్టుకెళ్తున్నాను.